దిద్దిన ముక్కు

ఇంగ్లండు తీరంలో మా విట్బీ ఊళ్లో వంకర ముక్కులు లేవు. నమ్మకం కలగకపోతే ఏ ఇంట్లోకైనా వెళ్లి పొయ్యి పైన గోడ చూడండి. తెల్ల అట్ట మీద అతికించిన నల్ల కాగితపు ముఖాలు, పక్కకు తిరిగి, ఒకదాన్ని మించి ఒకటి తీరుగా కనిపిస్తాయి. పీపాలు చేసేవాడికీ, చేపలమ్మే ఆమెకూ, చర్చిలో గంట కొట్టేవాడికీ, అందరికీ ఒకటే నిటారు ముక్కు. అది మా ఆయన సెప్టిమస్ గార్బట్ పెట్టిన ముక్కు. దేవుడు తొందరలో వదిలేసిన పనిని ఆయన కత్తెరతో పూర్తిచేసేవాడు. ఈ సంగతి ఊళ్లో ఇద్దరికే తెలుసు, ఆయనకూ నాకూ. అందులో ఆయన ఒప్పుకోడు.

మాది రేవు వెనక సందులో మేడగది. కిటికీ తలుపులు మూసి, కుర్చీకి ఒక పక్క కొవ్వొత్తి, రెండో పక్క నూనె రాసిన పల్చటి కాగితం బిగించిన చట్రం పెడతాం. మనిషి కదలకుండా కూర్చుంటే నీడ కాగితం మీద పడుతుంది. సెప్టిమస్ అవతలి పక్క నుంచి ఆ నీడ అంచు వెంట పెన్సిలుతో గీస్తాడు. తరువాత పుల్లలతో చేసిన ఒక పనిముట్టుతో ఆ గీతను అరచేతిలో పట్టేంత చిన్నది చేసి, నల్ల కాగితం మీదికి దించి కత్తిరిస్తాడు. నల్ల కాగితం తయారుచేయడం నా వంతు. దీపపు మసిలో జిగురు కలిపి పూత పూసి ఆరబెట్టాలి. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన చాకిరీ. ఇప్పుడు దగ్గితే రుమాలు నల్లబడుతుంది. మేడ దిగి నీళ్లు మోసుకొచ్చేసరికి ఇంకో మనిషి బతుకు కూడా నేనే బతికినట్టుంటుంది.

రంగుల బొమ్మలు ఓడల యజమానులకు చెల్లుతాయి. మిగిలిన వాళ్లందరికీ ఒక షిల్లింగు పెడితే వచ్చే ఈ నీడ బొమ్మే గతి. వసంతంలో తిమింగలాల వేటకు ఓడలు గ్రీన్‌లాండ్ వైపు బయల్దేరే ముందు మా మెట్ల మీద నిలబడటానికి చోటుండేది కాదు. పోయేవాడి ముఖం ఇంట్లో ఉండాలి కదా. తిరిగొస్తే చూసి నవ్వుకోవచ్చు, రాకపోతే అదే మిగులుతుంది. ఇది ఊళ్లో అందరికీ తెలిసిందే, పైకి ఎవరూ అనరు.

కింద తలుపు మీద మా బోర్డు ఉంది. "దేవుడిచ్చిన ముఖం, వెంట్రుకవాసి తేడా లేకుండా" అని. సెప్టిమస్ కత్తిరిస్తూ నోరు కూడా ఆడించేవాడు. "కండ వస్తుంది, పోతుంది. ఎముక మారదు. మనిషి అబద్ధమాడతాడు గానీ నీడకి అబద్ధం రాదు" అనేవాడు. జనం తలలూపేవాళ్లు. ఆ మాట అంటున్నప్పుడే ఆయన కత్తెర కొన ముక్కు దూలం దగ్గర చిన్నగా పక్కకు జరిగేది. బుడిపె ఉంటే పోయేది, గడ్డం లోపలికి పోయినవాడికి కాస్త ముందుకొచ్చేది. కొత్తలో ఒకసారి అడిగాను, ఎందుకిలా దిద్దుతావని. "నేనేం దిద్దానే? ఆరేటప్పుడు కాగితం ముడుచుకుంది" అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం. మళ్లీ అడగలేదు. అడిగి సాధించేదేముంది, చేతినిండా మసి పెట్టుకుని.

ఆ శరత్కాలంలో లేబన్ వెరిల్ తిరిగొచ్చాడు.

లేబన్ ఎక్కిన ఓడ పేరు ఫెయిర్ మార్తా. మంచులో చిక్కుకుని నలిగిపోయిందని చాలా ఏళ్ల కిందటే కబురొచ్చింది. అందరూ పోయారనుకున్నాం. చర్చిలో పేర్లు చదివారు. అతని పెళ్లాం కెజాయా అప్పటికి పెళ్లయి ఒక శీతాకాలమే గడిచిన పిల్ల, కడుపుతో ఉంది. కూతురు పుట్టింది, టాబితా అని పేరు పెట్టుకుంది. బట్టలుతికి, వలలు అల్లి పెంచింది. ఇప్పుడా పిల్లకు పన్నెండు దాటుతోంది, రొట్టెల బట్టీలో పనికి వెళ్తోంది. అలాంటి ఇంటి తలుపు తట్టి, ముందు పళ్లు రాలిపోయి నడుం వంగిన ఒక మనిషి, నేను లేబన్‌ని అన్నాడు. మంచులోంచి అతన్ని బతికించింది అక్కడి వేటగాళ్లట. తరువాత అమెరికా ఓడ ఒకటి ఎక్కించుకుందట. అక్కణ్నించి ఎక్కిన ఓడల్లా దక్షిణానికే పోయాయట. రాయడం రానివాడు, రాయించుకునే తోడు లేనివాడు. ఊరు ఒక వారం దీన్ని నమిలి, తరువాత తన పని తాను చూసుకుంది.

ఒకరోజు మసి నూరుతుంటే కెజాయా మెట్లెక్కి వచ్చింది. గుమ్మంలో నిలబడి ఊపిరి తీసుకుంది.

"డైనమ్మా, లోపలికి రావచ్చా?"

"వచ్చేశాక అడుగుతావేంటే. ఆ బుట్ట పక్కకి తోసి కూర్చో."

కూర్చుంది. చేతులు సబ్బునీళ్లలో నాని చర్మం పొట్టులేస్తోంది. వాటినే చూసుకుంది.

"ఆయనేనా?" అని నేనే అడిగాను.

"ఆయనే. తలుపు తట్టకముందే తెలిసింది నాకు. మెట్టెక్కేటప్పుడు ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు. ఆ చప్పుడికే చేతిలో గిన్నె జారిపోయింది."

"మరింకేం."

"పిల్ల ఒప్పుకోవట్లేదు. గోడ మీద బొమ్మలో ఉన్న నాన్నలా లేడంటోంది. వాడెవడో ఇంట్లో ఉంటే నేను రానని చెప్పి బట్టీలోనే పడుకుంటోంది." గొంతు తగ్గించింది. "నీకో మాట చెప్పనా. నాకూ ఆయన ముఖం గుర్తులేదు. గొంతు గుర్తుంది, నడక గుర్తుంది. ముఖం తలుచుకుందామంటే ఆ నల్ల కాగితమే వస్తుంది. ఇన్నేళ్లు దాన్నే చూశాను గదా. దాన్ని చూసి చూసి మనిషిని పోగొట్టుకున్నాను."

నేను నూరడం ఆపాను.

"ఆయనేమంటున్నాడు?"

"ఏమంటాడు. హల్ రేవులో దక్షిణం పోయే ఓడకి మనుషుల్ని తీసుకుంటున్నారంట. పిల్లకి నేనక్కర్లేకపోతే వెళ్లిపోతానంటున్నాడు. కోపంగా కూడా అనడు, అలసిపోయి అంటాడు. ఈసారి పోతే ఇక రాడు డైనమ్మా. రావడానికి ఒంట్లో ఏం లేదు."

ఆ తరువాత అసలు సంగతికి వచ్చింది. ఉపాయం టాబితాదే. ఆ మనిషిని గార్బట్ గారి కుర్చీలో కూర్చోబెట్టి నీడ గీయించి, పాత బొమ్మంత చేసి, దాని మీద పెట్టి చూద్దాం, సరిపోతే నాన్నా అంటాను అందట. లేబన్ సరేనన్నాడు. కెజాయా కూడా సంతోషంగా సరేనంది. ఎముక మారదని ఊరంతా విన్న మాటేగా, నీడకు అబద్ధం రాదని వింటూ ఆ బోర్డు కిందే అందరూ పెరిగారు.

"సరే, రేపు మధ్యాహ్నం రండి" అన్నాను. రావద్దంటే ఎందుకో చెప్పాలి మరి.

ఆ పూట ఓట్స్ రొట్టె, ఉప్పుచేప ముందు పెట్టి సెప్టిమస్‌కు చెప్పాను.

"రానీ" అన్నాడు. "కొలతే గదా. ఇలాంటి పనికి మనకంటే ఎవరున్నారు?"

"ఏం కొలతయ్యా? లేబన్ ముక్కు మీద బుడిపె ఉండేది. నువ్వే తీసేశావు."

"నేనెవరి ముక్కూ ముట్టుకోలేదు."

"నా ఎదురుగా కత్తిరించావు. నేలమీద పడిన ముక్క కూడా నేనే ఊడ్చాను."

"నీ కళ్లు నీకెప్పుడు సరిగ్గా కనిపించాయి" అని చేప ముల్లు తీసుకుంటూ కూర్చున్నాడు.

ఆయన అబద్ధమాడుతున్నాడో, నిజంగానే నమ్ముతున్నాడో నాకిప్పటికీ తెలియదు. ఒకే మాటను ఏళ్ల తరబడి చెప్పుకుంటూ పోతే ముందు నమ్మేది చెప్పేవాడే. నాకు పోట్లాడే ఓపిక లేకపోయింది. అసలు గీసిన పెద్ద కాగితం ఉంటే తీసి చూపించేదాన్ని. కానీ ఆ కాగితాలన్నీ ఎప్పటికప్పుడు పొయ్యి రాజేయడానికే వాడేశాను.

మర్నాడు పొద్దుట్నుంచీ ముసురు. ముగ్గురూ తడిసి వచ్చారు. లేబన్ గుమ్మంలో తల వంచి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ముందు పళ్లు పోవడంతో పెదవులు లోపలికి పోయాయి, గడ్డం పైకి వచ్చింది. ముక్కు దూలం మీద బుడిపె మాత్రం ఉన్నచోటే ఉంది. చూడగానే నాకు గుర్తొచ్చింది. మనిషిని ఎవరు మర్చిపోయినా ముక్కు ఊడ్చినదాన్ని నేనెలా మర్చిపోతాను.

టాబితా తల్లి వెనక నిలబడింది. టోపీ నాడాలు గట్టిగా కట్టుకుని, బొమ్మను ఏప్రాన్లో చుట్టి గుండెకు ఆనించుకుంది. ఎదటివాళ్లను తిన్నగా చూసే పిల్ల. మేం నలుగురం పెద్దవాళ్లం, నలుగురం ఆ చూపు తప్పించుకుంటున్నాం.

"తెచ్చావా అమ్మాయ్?" అన్నాడు సెప్టిమస్.

ఆ పిల్ల బొమ్మను విప్పి బల్ల మీద పెట్టింది. మచ్చలేకుండా తుడిచి ఉంది. లేబన్ దగ్గరకొచ్చి వంగి చూశాడు.

"ఇదెవరిది?" అన్నాడు.

కెజాయా కళ్లు మూసుకుంది.

"చూశావా అమ్మా" అంది టాబితా మెల్లగా. "ఆయనకే తెలీదు."

"నాదా?" అన్నాడు లేబన్. "నేను చూడలేదమ్మా దీన్ని. అతికించకముందే మా ఓడ వెళ్లిపోయింది." ఇంకా వంగి చూశాడు. "బాగున్నాడు" అన్నాడు. అందులో వెటకారం లేదు. ఎవరో కుర్రవాణ్ని మెచ్చుకున్నట్టే అన్నాడు.

కిటికీ తలుపులు మూశాను. కొవ్వొత్తి వెలిగించాను. లేబన్ కుర్చీలో కూర్చున్నాడు. సెప్టిమస్ గీశాడు, చిన్నది చేశాడు, కత్తిరించాడు. ఈసారి కత్తెర జరగలేదు. జరిపి ఉంటే బాగుండేదని నేను అనుకున్న రోజు అదొక్కటే. పెళ్లాం చెప్పినా వినని మనిషి, బోర్డు మీద రాసింది ఆ పూటే నిజం చేయాలని కూర్చున్నాడు.

రెండూ బల్ల మీద ఒకదాని మీద ఒకటి పెట్టాం. నుదురు కలిసింది. చెవి దగ్గర వంపు కలిసింది. పళ్లు లేక గడ్డం కలవలేదు, దానికి ఎవరూ ఏమీ అనలేదు. ముక్కు మాత్రం కొట్టొచ్చినట్టు కలవలేదు. పాత ముక్కు మీదుగా కొత్త ముక్కు బుడిపె బయటకు పొడుచుకొచ్చింది.

"అక్కడ చలి మామూలు చలి కాదు గదా" అన్నాడు సెప్టిమస్, చెమట తుడుచుకుంటూ. "మంచులో ఒక్కోసారి ఎముక కూడా..."

"ఎముక మారదని మీరే అంటారు గదండీ" అంది టాబితా. "మా బట్టీలో అందరికీ తెలుసు ఆ మాట."

ఇక నేను పట్టలేకపోయాను.

"టాబితా, విను. ఆ ముక్కు మీ నాన్నకి లేదు. మా ఆయన పెట్టాడు. ఆయన అందరికీ పెడతాడు. మీ పక్కింటి పీపాలు చేసేవాడి ముక్కు చూడు, అతని బొమ్మలో ముక్కు చూడు, నీకే తెలుస్తుంది."

పిల్ల నన్ను జాలిగా చూసింది. నేను ఆమె మీద చూపించాల్సిన జాలి అది.

"ఇలా చెప్పమని మా అమ్మే మీకు చెప్పింది గదా డైనత్తా."

"మీ అమ్మకీ తెలీదే పిల్లా. చెప్పవయ్యా" అని మా ఆయన వైపు తిరిగాను. "ఇప్పుడైనా చెప్పు."

సెప్టిమస్ కత్తెర తీసి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "వాన తగ్గేలా లేదు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు ఈ మనిషి పొగరును మసిలో కలుపుకుని మింగాను. నా ఇంట్లో ఎన్ని అబద్ధాలైనా ఆడుకోనీ, ఇది ఇంకొకరి ఇల్లు. తిట్టడానికి నోరు తెరిచేలోపే లేబన్ లేచి టోపీ తీసుకున్నాడు.

"పోనీలేమ్మా. పిల్లని ఏడిపించకండి. దానికున్న తండ్రి బాగానే ఉన్నాడు, నేనెందుకు మధ్యలో." కెజాయాతో అన్నాడు. "హల్ బండి రేపు పొద్దున్నే గదా."

కెజాయా గోడకు ఆనుకుని ఉండిపోయింది. ఆపాలని లేక కాదు. ఒకసారి ఎదురుచూసి, ఒకసారి ఏడ్చి, ఒకసారి తిరిగొచ్చాడని సంబరపడి, ఇక ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. ఆ ఇద్దరి ముఖాల్లో ఉన్నది కోపమైతే నాకింత బాధ ఉండేది కాదు.

టాబితా కొవ్వొత్తి ముందు నుంచి తల్లి వైపు నడిచింది. "పోదాం పద అమ్మా" అంటూ పక్కకు తిరిగింది. ఆ ఒక్క క్షణం ఆమె నీడ చట్రం మీది కాగితం మీద పడింది. నేను కాగితానికి ఇవతల, నీడ కనిపించే పక్కనే ఉన్నాను.

"ఆగు" అన్నాను. "వచ్చి ఈ కుర్చీలో కూర్చో."

"నాకెందుకు బొమ్మ?"

"బొమ్మ కాదు. కూర్చోమన్నాను గదా. పెద్దదాన్ని, ఇంతసేపు నిలబడ్డాను, నా మాట ఒక్కటి విను."

విసుక్కుంటూనే కూర్చుంది. నేను పెన్సిలు తీసుకున్నాను. సెప్టిమస్ అందుకోవడానికి చెయ్యి చాచాడు. "నువ్వు ముట్టుకోవద్దు" అన్నాను. నాకు గీయడం రాదు. అదే మంచిదైంది. దయ చూపించడం తెలియని చెయ్యి కదా, నీడ ఎటు పోతే అటు పోయింది. వణికినచోట వణికింది. టోపీ అంచు, గడ్డం కింద కట్టుకున్న నాడా ముడి, నుదుటి మీదికి జారిన జుట్టు, అన్నీ గీశాను. ముక్కు దగ్గరికొచ్చాక మరీ మెల్లగా గీశాను.

కాగితం తీసి ఆమె ఒళ్లో పెట్టాను.

చూసింది. "ఇది ఆయనది" అంది.

"సరిగ్గా చూడు."

"ఆయనదే. ముక్కు చూడు."

"లేబన్ నాడాల టోపీ పెట్టుకుంటాడా?"

టాబితా చెయ్యి గడ్డం కింద ముడి మీదికి వెళ్లింది. కాగితం మీద ముడినీ, చేతి కింద ముడినీ పోల్చుకుంది. తరువాత వేలు పైకి పోనిచ్చి ముక్కు దూలం తడుముకుంది. బుడిపె మీద వేలు ఆగింది. పాపం ఆ పిల్లకేం తెలుసు. ఎవరికైనా ఏం తెలుసు. అద్దం ముందు నిలబడితే ఎదటి ముఖమే కనిపిస్తుంది. పక్క ముఖం ఊరంతా చూస్తుంది, దాన్ని మోసే మనిషి తప్ప. వాళ్లమ్మకు ఒక షిల్లింగు మిగిలి ఆ పిల్లను మా దగ్గరికి తీసుకొచ్చి ఉంటే సెప్టిమస్ ఆ బుడిపెనూ తీసేసి ఉండేవాడు.

నేను అందించకుండానే లేచి లేబన్ నీడ గీసిన పెద్ద కాగితం తెచ్చుకుంది. రెండింటినీ కలిపి కొవ్వొత్తికి అడ్డంగా ఎత్తి పట్టుకుంది. గడ్డాలు వేరు, పెదవులు వేరు. కళ్ల మధ్య నుంచి దిగి, బుడిపె ఎక్కి, కొన దగ్గర వంగే గీత ఒక్కటే. చాలాసేపు ఎత్తి పట్టుకుంది. చేతులు నొప్పెట్టాక దించింది.

"మరి గోడ మీద ఉన్నదెవరు?" అంది.

ఆ ప్రశ్న నాకు కాదు. మా ఆయన వైపు చూస్తూ అడిగింది. సెప్టిమస్ కత్తెర బల్ల మీద పెట్టాడు. నేను తిట్టినా, బతిమాలినా బయటపడని మాట అప్పుడు బయటపడింది.

"ఎవరూ కాదమ్మా" అన్నాడు. "మీ అమ్మ ఆ రోజు ఆ మూల కూర్చుని ఏడుస్తోంది. కడుపుతో ఉంది. ఇంటికి తీసుకెళ్లేది కాస్త బాగుంటే బాగుంటుందనిపించింది. ముక్కు నేను దిద్దాను." ఆగి, "అందరివీ దిద్దాను" అన్నాడు.

నేను ఎదురుచూసినంత సంతోషం కలగలేదు. ఆయన ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనిపించాడు.

టాబితా బల్ల మీది బొమ్మను తీసుకుని ఏడవడం మొదలుపెట్టింది. చిన్నపిల్ల ఏడుపు కాదు, చావు ఇంట్లో పెద్దవాళ్లు ఏడ్చే ఏడుపు. "రోజూ ఈయనకే చెప్పుకున్నాను" అంది. "బట్టీలో చెయ్యి కాలినప్పుడు కూడా ఈయనకే చెప్పాను." ఆ రోజు టాబితాకు తండ్రి దొరికాడని ఊళ్లో ఇప్పటికీ అంటారు. దగ్గరుండి చూసినదాన్ని చెప్తున్నాను, ఆ రోజు ఆ పిల్లకు తండ్రి పోయాడు. పుట్టకముందే పోయినవాడికి ఏడవాల్సిన ఏడుపు అప్పుడు ఏడ్చింది. కెజాయా దగ్గరకు తీసుకోబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను.

లేబన్ టోపీ పక్కన పెట్టి మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"పారేయకమ్మా దాన్ని" అన్నాడు. "గోడ మీదే ఉండనీ. నేను లేనప్పుడు ఇంట్లో ఉన్నది అతనేగా. నేను చేయాల్సినది చేశాడు. అతని మీద నాకేం కోపం లేదు."

ఏడుపు కాస్త తగ్గాక టాబితా తలెత్తింది. లేబన్ ఆమెనే చూస్తున్నాడు. కన్నకూతుర్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు కదా, కళ్లార్పకుండా చూస్తున్నాడు. పిల్ల వెనక్కి తగ్గింది.

"అలా చూడొద్దు" అంది. "బొమ్మలో ఆయనెప్పుడూ నా వైపు చూడలేదు. అటే చూసేవాడు. నేనే చూసేదాన్ని."

లేబన్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తరువాత కుర్చీలో పక్కకు తిరిగాడు. ముఖం గోడ వైపు పెట్టి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, నీడ గీయించుకునేవాడిలా కదలకుండా కూర్చున్నాడు.

టాబితా బొమ్మను ఒళ్లో పెట్టుకుని, ముక్కాలి పీట లాక్కుని అతనికి కాస్త ఎడంగా కూర్చుంది. చూడటం మొదలుపెట్టింది. ముందు ముక్కును చూసింది. తరువాత లోపలికి పోయిన పెదవులను, చెవి పక్కన మంచు కొరికిన మచ్చను, మెడ మీద ముడతలను, ఒక్కొక్కటీ తీరిగ్గా చూసింది. సెప్టిమస్ కిటికీ తలుపు తీయబోతే వద్దన్నాను. లేబన్ మెడ పట్టేసి ఉంటుంది, భుజం వణుకుతోంది. అయినా ఆ పిల్ల చూడటం అయ్యేదాకా ఇటు తిరగలేదు.